బ్యాటరీ తీసేసిన గిటార్

(తిరుపతిలో గిటార్ వాయించే కుర్రవాళ్ల కోసం ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరస తమ్ముళ్లకు వినపడతా ఉందా? ఆ మూల ఫ్యాను ఒక్కటి ఆపేయండప్పా. ఉక్కపోతగా ఉందని నాకూ తెలుసు. కానీ ఈ పొద్దు మనం వినాల్సినవన్నీ చిన్న చిన్న తేడాలు. ఫ్యాను హోరులో అవి మునిగిపోతాయి.

ఈ బల్ల మీద రెండు గిటార్లు పెట్టినాను. రెండూ ఒకే మోడల్, ఒకే రకం చెక్క, ఒకే సైజు తీగలు. ఎడమ పక్కదాంట్లో యాక్టివ్ పికప్‌లు, అంటే తీగ పలుకును పట్టే బ్యాటరీ రకం భాగాలు ఉన్నాయి, లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంది. కుడి పక్కదీ పోయిన నెల దాకా అట్లాంటిదే. దాంట్లోని బ్యాటరీ, పికప్‌లు, కంట్రోళ్లు అన్నీ తీసేసి పాతకాలం పద్ధతిలో మళ్లీ కట్టినాను. యాంప్ ఒక్కటే, వైరు ఒక్కటే.

ముందు ఎడమ పక్కది. వాల్యూమ్ పూర్తిగా తెరిచినాను. (వాయించారు.) యాంప్‌లో కొంచెం డిస్టార్షన్ పెట్టినాను కాబట్టి గరగరమంటా ఉంది. ఇప్పుడు సగానికి తగ్గిస్తాను. (వాయించారు.) చప్పుడు తగ్గింది, గరగర కూడా తగ్గింది. కానీ పైన ఉండే పదును చూడండి, కొంచెం కూడా మారలేదు. అదే మనిషి నాలుగడుగులు వెనక్కి పోయి మాట్లాడినట్టుంది. ఇప్పుడు కుడి పక్కది. పూర్తిగా తెరిస్తే ఇది. (వాయించారు.) సగానికి తగ్గిస్తే... (వాయించారు.) విన్నారా? గొంతే మారిపోయింది. పదును మెత్తబడి, గుండ్రంగా అయింది. నేను యాంప్ ముట్టుకోలేదు, పెడల్ తొక్కలేదు. చిటికెన వేలితో కంట్రోల్ తిప్పినాను, అంతే.

ఈ కుడి పక్క గిటార్ ఓనరు ముందు వీణ నేర్చుకుని తర్వాత గిటార్‌కు వచ్చినాయన. నా దగ్గరికి వచ్చి ఒక మాట అన్నాడు: "అన్నా, నేను ఎట్లా మీటినా ఈ గిటార్ ఒకే మాట చెప్తా ఉంది." నాకు ఆ మాట చాలా రోజులు చెవిలోనే ఉండిపోయింది. వీణ మీద గమకం పట్టినవాడికి తెలుస్తుంది, తీగను ఎంత గట్టిగా మీటితే ఏ పలుకు వస్తుందో, ఎంత లాగితే ఏది పోతుందో. ఆ చేతికి బదులు రాకపోతే ఆ మనిషికి నిద్ర పట్టదు.

సరే, లోపల ఏం జరుగుతా ఉందో చూద్దాం. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ. గిటార్ తీగ ఉక్కుది. అది కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, దాంతో రాగి చుట్టలో చిన్న వోల్టేజ్ పుడుతుంది. ఇంతకుమించి మాయ లేదు. పాటను పట్టి ఉంచే పని రాగికి మన ఊళ్లో కొత్తేం కాదు కదా! అన్నమయ్య సంకీర్తనలు ఇన్ని వందల ఏళ్లు కొండ మీద నిలబడింది రాగిరేకుల్లోనే.

ఆ రాగి తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, తలవెంట్రుకంత. ఫెండర్ కంపెనీ పాత స్ట్రాటోకాస్టర్ గిటార్ పికప్‌లో దాన్ని దాదాపు 8,000 చుట్లు చుడతారు. అమెరికాలో 1930ల మొదట్లో బోషాంప్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లోనూ అదే, ఈ రోజుటి మామూలు పికప్‌లోనూ అదే. అయితే రాగి చుట్ట, అంటే కాయిల్, ఒక్కటే ఉంటే అది తీగ కదలికతో పాటు ఇంట్లో ట్యూబులైటు, ట్రాన్స్‌ఫార్మరు, అన్నిటి చప్పుడూ పట్టుకొస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ బుయ్‌మనే మోత 50, 100, ఇట్లా దాని గుణిజాల్లో వస్తా ఉంటుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో దీనికి ఒక దారి చూపించినాడు. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా కలిపితే మోత మోతను కొట్టేస్తుంది, తీగ పలుకు మాత్రం కూడుకుంటుంది. అదే హంబకర్. పేటెంటు 1959లో వచ్చింది. ఆ రోజుల్లో పికప్ అడుగున 'పేటెంటుకు దరఖాస్తు చేసినాం' అని ఇంగ్లీషులో చీటీ అంటించేవాళ్లు. ఆ మాటల మొదటి అక్షరాలే ఈ రోజు పాఫ్ అని అందరూ మొక్కే పేరు.

మరి యాక్టివ్ అంటే ఏంది? రాబ్ టర్నర్ అనే ఆయన 1976లో మొదలుపెట్టిన కంపెనీ ఈఎంజీ. వాళ్ల పద్ధతి వేరే. చుట్లు తక్కువ చుడతారు. తక్కువ చుట్టిన కాయిల్ బలహీనంగా పలుకుతుంది, కానీ కింది నుంచి పై దాకా సమంగా పలుకుతుంది, మోత తక్కువ పడుతుంది. ఆ బలహీనతను సరిచేయడానికి పికప్ డబ్బా లోపలే చిన్న ప్రీయాంప్, అంటే పలుకు బలం పెంచే సర్క్యూట్ పెట్టి, గట్టి రెసిన్ పోసి మూసేస్తారు. బ్యాటరీ దానికోసమే. ఆ ప్రీయాంప్ తాగే కరెంటు ఎంత తక్కువంటే, ఈఎంజీ 81 రకానికి ఒక బ్యాటరీ 3,000 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. వాయించడం అయినాక జాక్ పీకకుండా పడుకునేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒకటి చెప్పాల. యాక్టివ్ పికప్‌లు చెడ్డవని చెప్పడానికి నేను రాలేదు. మెటల్ సంగీతానికి మెటాలికా బ్యాండు గిటారిస్టు హెట్‌ఫీల్డ్ ఎంచుకున్నది వాటినే. ఎంత డిస్టార్షన్ పెంచినా మోత లేకుండా, ఒక్కొక్క దెబ్బ విడివిడిగా, బిగువుగా వినపడాలంటే అవే కావాల. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 1980ల చివర్లో, 1994లో పెద్ద పెద్ద స్టేడియాల్లో వాయించింది ఈఎంజీలు పెట్టిన ఎర్ర స్ట్రాటోకాస్టర్ మీదే. ఆ గిటార్ ఎవరినీ ఏడిపించలేదని ఎవరంటారు? అదే మనిషి 2005లో లైవ్ 8 అనే కచేరీ వేదిక ఎక్కినప్పుడు తన పాత నల్ల గిటార్ పట్టుకొచ్చినాడు, బ్యాటరీ లేనిది. రెండు రికార్డింగులూ వినండి. చెయ్యి ఒక్కటే. చుట్టూ ఉండే సర్క్యూట్ మారింది.

ఆ సర్క్యూట్ గురించే నేను ఈ పొద్దు గట్టిగా చెప్పాలనుకుంది. పాతకాలం పలుకు అనేది పికప్‌లో ఒక్కదాంట్లో కూర్చుని లేదు. పికప్, వాల్యూమ్ కంట్రోల్, కండెన్సర్, వైరు, యాంప్ లోపలికి పోయే మొదటి దారి, ఇవన్నీ కలిసి ఒక్క వస్తువు. యాక్టివ్ పికప్ చేసే పని ఆ బంధాన్ని తెంచడమే. ప్రీయాంప్ మధ్యలో గోడలాగా నిలబడుతుంది. బయట వైరు 3 మీటర్లున్నా 10 మీటర్లున్నా కాయిల్‌కు తెలియదు.

బ్యాటరీ లేనిదానికి తెలుస్తుంది. ఎట్లాగంటే, 8,000 చుట్ల కాయిల్‌కు ఇండక్టెన్స్ ఉంటుంది, 2.4 హెన్రీలు అనుకుందాం. గిటార్ వైరుకు కెపాసిటెన్స్ ఉంటుంది, మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. ఈ రెండూ కలిస్తే ఒక చోట గట్టిగా ఊగుతాయి. ఉయ్యాల ఒక్కొక్కటి దాని సొంత వేగంతోనే ఊగుతుంది కదా, అట్లా. కాయిల్ సొంత కెపాసిటెన్స్ పక్కన పెట్టి లెక్క వేస్తే, 5 మీటర్ల వైరుతో ఆ ఊపు సుమారు 4,600 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 10 మీటర్ల వైరు పెడితే అది 3,250 దగ్గరికి దిగిపోతుంది. హంబకర్‌కు ఇండక్టెన్స్ ఎక్కువ, 4.5 హెన్రీలంటే 5 మీటర్ల వైరుతోనే 3,350. మన చెవి చాలా సున్నితంగా వినే జాగా ఇది. స్ట్రాటోకాస్టర్ గంట కొట్టినట్టు మెరవడం, హంబకర్లుండే గిబ్సన్ లెస్ పాల్ గిటార్ గొంతు బరువుగా రావడం, చాలావరకు ఈ ఊపు ఎక్కడ నిలబడింది అన్నదాన్ని బట్టే. పాత రికార్డుల్లో కొందరు కావాలనే పొడుగాటి చుట్టల వైర్లు వాడినారు, పైపదును తగ్గడానికి. వైరు కూడా వాయిద్యంలో భాగమే అన్నమాట.

వాల్యూమ్ తగ్గించినప్పుడు గొంతు మెత్తబడింది కదా, దాని కారణమూ ఇదే. కంట్రోల్ తగ్గిస్తే కాయిల్‌కు, వైరుకు మధ్య రెసిస్టెన్స్ అడ్డం పడుతుంది. ఆ రెసిస్టెన్స్, వైరు కెపాసిటెన్స్ కలిసి పైస్వరాల్ని కోస్తాయి. కొందరికి ఇది లోపం. దీన్ని సరిచేయడానికి చిన్న కండెన్సర్ తగిలించుకునేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు ఇది వరం. పాడేవాళ్ల వెనక వాయించేటప్పుడు 6 దగ్గర పెడతాను, నా వంతు వచ్చినప్పుడు 10కి తిప్పుతాను. ఒక కంట్రోల్‌లో రెండు గిటార్లు. ఫజ్ పెడల్, అదే పలుకును బాగా గరగరలాడించే పెడల్, వాడేవాళ్లకైతే ఇంకా తెలుస్తుంది. పాత ఫజ్ పెడళ్లు నేరుగా కాయిల్‌తో మాట్లాడాలని చూస్తాయి. మధ్యలో ప్రీయాంప్ ఉంటే చాలావాటికి గొంతు గీరుకున్నట్టు అవుతుంది.

నేను ఈ సంగతి నేర్చుకున్నది చెడగొట్టుకుని. చాలా ఏళ్ల కిందట, లీలామహల్ దగ్గర చిన్న గదిలో రిపేర్లు చేసుకునే రోజుల్లో, ఒక పిల్లోడు గిటార్ తెచ్చినాడు. యాక్టివ్ తీసేసి మామూలు హంబకర్లు పెట్టమన్నాడు. డబ్బులు కూడబెట్టి మంచి పికప్‌లు తెప్పించుకున్నాడు. నేను పాతవి తీసి, కొత్తవి అవే కంట్రోళ్లకు కలిపి ఇచ్చినాను. వాయిస్తే దుప్పటి కప్పినట్టుంది. నిజంగా అంతే, మందపాటి దుప్పటి. నేను పికప్‌లు నకిలీవని చెప్పినాను. ఆ పిల్లోడు అమ్మిన వాళ్లతో గొడవ పెట్టుకున్నాడు, వాళ్లు తిరిగి తీసుకోలేదు, చివరికి వాటిని సగం ధరకు ఎవరికో ఇచ్చేసినాడు. తప్పు పికప్‌లది కాదు. నాది. కొన్ని నెలల తర్వాత ఇంకో గిటార్ విప్పినప్పుడు కంట్రోల్ మీద రాసిన అంకె చూసినాను: 25 కిలో ఓమ్‌లు. అప్పుడర్థమైంది. ఆ పిల్లోడి కోసం వెతికినాను, అప్పటికి ఊరు మారిపోయినాడు. ఈ మాట ప్రతి చోటా చెప్పేది అందుకే. ఇంకొకరు ఆ పని చేయకూడదని.

యాక్టివ్ పికప్‌లకు 25 కిలో ఓమ్‌ల కంట్రోళ్లు వేస్తారు, ఎందుకంటే ప్రీయాంప్‌కు తోసే బలం ఉంటుంది. బ్యాటరీ లేని కాయిల్‌కు ఆ బలం లేదు. హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లు కావాల, సింగిల్ కాయిల్‌కు 250. 25 పెడితే ఏమవుతుందంటే, సన్నటి కాలవకు పక్కన గట్టు తెగినట్టు. నీళ్లన్నీ ఆ గండిలోనే పోతాయి, చివరి మడికి చేరేది తక్కువ. ఇంకో చిక్కు ఏమంటే, కాయిల్ అడ్డం స్వరం పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. 2.4 హెన్రీల కాయిల్ 4,000 హెర్ట్జ్ దగ్గర 60 కిలో ఓమ్‌ల అడ్డం చూపిస్తుంది. దాని ముందు 25 ఎంత? కాబట్టి కింది స్వరాలు ఎట్లో ఒకట్లా బయటపడతాయి, పైవి రావు. హంబకర్‌కైతే సుమారు 1,200 హెర్ట్జ్ నుంచే జారడం మొదలవుతుంది. అదే ఆ దుప్పటి.

కాబట్టి పికప్ కొనేముందు కంట్రోళ్ల లెక్క చూసుకోండి. మల్టీమీటర్ పెట్టి అటు చివర, ఇటు చివర కాళ్ల మధ్య కొలవండి, వైర్లు ఊడదీసినాక. 500 అని రాసినది 420 చూపించినా బాధపడొద్దు, 20 శాతం అటూ ఇటూ ఉండేది మామూలే. అంకె ముందు ఇంగ్లీషు A అక్షరం ఉంటే ఆడియో రకం, B ఉంటే లీనియర్. వాల్యూమ్‌కు A రకం చెవికి సమంగా పనిచేస్తుంది. ఇవి ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. కానీ పోయేముందు గిటార్‌లో కంట్రోల్ పట్టే కన్నం కొలుచుకోండి. అమెరికన్ సైజు కంట్రోళ్లకు 9.5 మిల్లీమీటర్ల కన్నం కావాల. ఆసియాలో తయారైన చాలా గిటార్లలో అంతకన్నా చిన్నది ఉంటుంది. డ్రిల్ పెట్టి ఒక్కసారి గుచ్చితే పెయింట్ పగిలిపోతుంది. రీమర్‌తో చేత్తో తిప్పుతా నిదానంగా పెంచండి.

టోన్ కండెన్సర్ కూడా మార్చాల. యాక్టివ్‌లో 0.1 మైక్రోఫారడ్ ఉంటుంది. హంబకర్‌కు 0.022, సింగిల్ కాయిల్‌కు 0.047 వేస్తారు. పాతదే ఉంచితే టోన్ చివరకు తిప్పినప్పుడు బురదగా వస్తుంది, మిగతా చోట పెద్ద తేడా ఉండదు. అదేమంత కంగారుపడాల్సింది కాదు.

జాక్ సంగతి. యాక్టివ్ గిటార్‌లో ఉండేది స్టీరియో జాక్. మనం మోనో వైరు గుచ్చినప్పుడు దాని మధ్య రింగు, గ్రౌండ్ కలిసి బ్యాటరీ ఆన్ అవుతుంది. అది స్విచ్చు పని చేస్తుందన్నమాట. దాన్ని మార్చాల్సిన అవసరం లేదు, రింగుకు వచ్చే బ్యాటరీ నల్ల వైరు తీసేసి ఖాళీగా వదిలేస్తే మోనోగానే పనిచేస్తుంది. బ్యాటరీ క్లిప్పు మాత్రం పూర్తిగా బయటికి తీయండి. పాత బ్యాటరీ లోపలే మర్చిపోతే అది కారి, చెక్కను, వైర్లను తింటుంది.

వైర్ల రంగులు. ఇది ఎప్పుడూ గోలే. సేమూర్ డంకన్ పికప్‌లో నలుపు పలుకొచ్చే వైరు, ఆకుపచ్చ, తొడుగు లేని తీగ గ్రౌండ్‌కు, ఎరుపు, తెలుపు రెండూ కలిపి టేపు చుట్టేయాల. డిమార్జియోలో ఎరుపు పలుకొచ్చేది, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపు, తెలుపు కలపాల. ఒక కంపెనీ చీటీ చూసి ఇంకో కంపెనీది కలిపితే మోగదు, లేదా సగం గొంతుతో మోగుతుంది. రెండు కంపెనీలవి కలిపి వాడితే స్విచ్చు మధ్యలో పెట్టినప్పుడు ముక్కుతో పాడినట్టు పలచగా వస్తే, ఒకదానివి పలుకు వైరు, గ్రౌండ్ వైరు అటూ ఇటూ మార్చండి. తొడుగు లేని తీగను మాత్రం గ్రౌండ్ మీదనే ఉంచాల.

టంకం గురించి ఒక్క మాట. కంట్రోల్ వీపు మీద గ్రౌండ్ అతికించడానికి చిన్న 25 వాట్ల ఐరన్ సరిపోదు. అది వేడెక్కేలోగా కంట్రోల్ లోపల కాలిపోతుంది. 40 వాట్లో 60 వాట్లో తీసుకుని, వీపును గరుకు కాగితంతో రుద్ది, మూడు సెకన్లలో పని ముగించండి. ఎక్కువ వేడితో తక్కువసేపు. మనోళ్లు తిరగేసి చేస్తారు.

ఒకటి ఉంచి ఒకటి తీస్తానన్నా, అని అడుగుతారు. మెడ దగ్గర మామూలుది, బ్రిడ్జ్ దగ్గర, అంటే తీగలు కింద ఆనే చోట, యాక్టివ్. వద్దు. 500 కంట్రోల్ పెడితే యాక్టివ్‌కు అది స్విచ్చులాగా, ఉంటే ఉంది లేకుంటే లేదు అన్నట్టు పనిచేస్తుంది. 25 పెడితే రెండోదానికి దుప్పటే. తీస్తే రెండూ తీయండి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు నిలబడే చోటుకు వచ్చినాను. దయచేసి ఫోన్లు పక్కన పెట్టండి.

యాక్టివ్ పికప్‌లు పెట్టేటప్పుడు తీగలను గ్రౌండ్‌కు కలపరు. బ్రిడ్జ్ దగ్గర నుంచి లోపలికి వచ్చే ఒక వైరు ఉంటుంది, దాన్ని కత్తిరించేస్తారు. కొన్ని గిటార్లలో ఫ్యాక్టరీలోనే ఆ వైరు వేయరు, దానికి కన్నమే ఉండదు. బ్యాటరీ లేని పికప్‌లకు ఆ వైరు తిరిగి కావాల. లేకపోతే విపరీతమైన మోత. మన ఒళ్లే గాలిలోని కరెంటు మోతను పట్టి గిటార్ మీదికి తెస్తుంది, తీగలు గ్రౌండ్‌లో ఉంటే చెయ్యి పెట్టగానే అది దిగిపోతుంది. చెయ్యి పెడితే మోత తగ్గింది అంటే వైరు బాగుంది. చెయ్యి పెట్టినా తగ్గకపోతే, లేదా పెరిగితే, వైరు లేదని. ట్రెమొలో, అంటే శ్రుతి వణికించే పిడి, ఉండే గిటార్‌కు వెనకాల స్ప్రింగులు పట్టే ఇనుప పట్టీకి అతికిస్తే చాలు. మామూలు బ్రిడ్జ్‌కు పొడుగు డ్రిల్‌తో దారి చేయాల.

మంచిది. కానీ ఆ వైరు కలిపిన క్షణం నుంచి ఏమైందో ఆలోచించండి. మీ పది వేళ్లూ తీగల మీద ఉన్నాయి. తీగలు గ్రౌండ్‌లో ఉన్నాయి. గ్రౌండ్ వైరు గుండా యాంప్ ఇనుప పెట్టెకు పోతుంది. అది కరెంటు ఎర్త్‌కు పోవాల. పోతా ఉందా? మన జాతర స్టేజీల్లో, పెళ్లి రిసెప్షన్లలో, వీధి వినాయకుడి పందిట్లో, జనరేటరు మీద నడిచే చోట్ల ఎర్త్ ఎంతమంది కొడతా ఉన్నారు? మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల్లో గుచ్చడానికి లావు పిన్ను విరగ్గొట్టినవి నేను చాలా చూసినాను. యాంప్ ఒక లైను మీద, మైకు మిక్సరు ఇంకో లైను మీద. రెండిటి ఎర్త్ సమంగా లేకపోతే, మీరు ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదాలు మైకుకు ఆనించగానే మధ్యలో వైరు మీరే.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీ ఊళ్లో లెస్ హార్వీ అనే గిటారిస్టు స్టేజీ మీదే, మైకు ముట్టుకుని చనిపోయినాడు. ఎర్త్ సరిగా లేదు, అంతే. యాక్టివ్ గిటార్‌లో తీగలు గ్రౌండ్‌లో లేవు కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. మీరు దాన్ని తీసేసి పాత పలుకు తెచ్చుకుంటా ఉన్నారంటే ఆ రక్షణ కూడా తీసేస్తా ఉన్నట్టు. నా చేత్తో కట్టిన గిటార్ ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటాను.

చేయాల్సింది ఇంతే. మల్టీమీటర్ ఏసీ వోల్టేజ్ మీద పెట్టండి. ఒక కొస గిటార్ బ్రిడ్జ్‌కు, ఇంకో కొస మైకు జాలీకి. మీ చెయ్యి రెండు లోహాల్లో దేనికీ తగలకూడదు. ఒకటి రెండు వోల్టులు మించి చూపిస్తే ఆ స్టేజీ మీద ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాయించొద్దు. యాంప్, మిక్సరు ఒకే ఎర్త్ పెట్టిన బోర్డు నుంచి తీసుకోండి. అది కుదరకపోతే వైర్‌లెస్ పెట్టుకోండి, యాంప్‌కు, మీకు మధ్య లోహపు దారి తెగిపోతుంది. ఆర్గనైజరు కోప్పడతాడు, టైమైపోయిందంటాడు. కోప్పడనీయండి.

(ఒక శ్రోత: అన్నా, గిటార్ లోపల రాగి రేకు అతికిస్తే మోత పోతుందా?)

సింగిల్ కాయిల్ మోత పూర్తిగా పోదు తమ్ముడూ. రాగి రేకు లోపలంతా అతికించి, ఒక్కొక్క ముక్కకు మధ్య టంకం పెట్టి, మొత్తాన్ని గ్రౌండ్‌కు కలిపితే బయటి నుంచి వచ్చే చిటపటలు, రేడియో గోల తగ్గుతాయి. కాయిల్ అయస్కాంతంతో పట్టుకునే ట్రాన్స్‌ఫార్మరు మోత రేకుకు ఆగదు. దానికి హంబకర్ కావాల, లేదా మధ్య పికప్ ఎదురు చుట్టినది తీసుకుని స్విచ్చు రెండో, నాలుగో జాగాల్లో వాయించాల. కొంచెం మోత ఉంటుంది. పాత రికార్డుల్లోనూ ఉంది, చెవి పెట్టి వినండి.

(మరో శ్రోత: ఏ పికప్ కొనమంటారు సార్?)

పేరు చెప్పను, గుణం చెప్తాను. పాతకాలం పలుకు కావాలనుకుని 16 కిలో ఓమ్‌ల, సిరామిక్ అయస్కాంతం ఉండే హంబకర్ కొంటే మళ్లీ యాక్టివ్ లాంటి బలమే వస్తుంది, పైపదును కూడా పోతుంది. పాఫ్ రకం 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఉండేది. పాత స్ట్రాటోకాస్టర్‌వి 5.5 నుంచి 6.5. ఈ అంకె చప్పుడు కొలత కాదు, రాగి ఎంత పొడుగు చుట్టినారో చెప్పే గుర్తు మాత్రమే, కానీ ఒక దారి చూపిస్తుంది. అయస్కాంతం అల్నికో తీసుకోండి. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఇనుము అది. 2వ రకం మెత్తగా, 5వ రకం చురుగ్గా ఉంటుంది. మీటినప్పుడు బదులిచ్చేది కావాలన్న ఆ వీణ ఆయనకు మెడ దగ్గర 2, బ్రిడ్జ్ దగ్గర 5 పెట్టినాను.

కొన్నాక ఎత్తు సరిచూసుకోండి. యాక్టివ్‌ల అయస్కాంతం తీగలను పెద్దగా లాగదు కాబట్టి వాటిని తీగల దగ్గరికి ఎత్తి పెట్టడం అలవాటు. స్ట్రాటోకాస్టర్ రకం వాటిని అంత ఎత్తితే అయస్కాంతాలు తీగను పట్టి లాగి, శ్రుతి వణికిస్తాయి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, లావు తీగ పక్క 2.4 మిల్లీమీటర్లు, సన్నతీగ పక్క 2 మిల్లీమీటర్లు, ఇది ఫెండర్ వాళ్లు పాత రకం వాటికి చెప్పే కొలత. అక్కడ మొదలుపెట్టి చెవి చెప్పినట్టు తిప్పండి.

ఇంకో మాట, కొనకముందే చేయాల్సినది. ఉన్న యాక్టివ్ పికప్‌లను మూడు మిల్లీమీటర్లు కిందికి దించి ఒక వారం వాయించి చూడండి. ఈఎంజీ అయితే రెండు బ్యాటరీలు వరసగా కలిపి 18 వోల్టులు కూడా ఇవ్వొచ్చు, గట్టిగా మీటినప్పుడు పైకొసలు నలగకుండా జాగా దొరుకుతుంది. వేరే కంపెనీలవైతే కాగితం చదవకుండా ఆ పని చేయొద్దు. దీంతోనే తృప్తిపడి వెనక్కిపోయినవాళ్లు నాకు తెలుసు. నాకు రావాల్సిన కూలి పోయినా, వాళ్లకు కావాల్సింది దొరికింది.

(మరో శ్రోత: ఏడు తీగల గిటార్‌కు కూడా ఇదేనా అన్నా?)

కొలత చూడాల. ఆరు తీగల యాక్టివ్‌లు చాలావరకు మామూలు హంబకర్ కన్నంలోనే కూర్చుంటాయి. కానీ ఏడు తీగలవి కొన్ని పెద్ద సబ్బుబిళ్ల ఆకారంలో వస్తాయి. అవి తీస్తే పెద్ద గొయ్యి మిగులుతుంది. ఆ ఆకారంలోనే చేసిన బ్యాటరీ లేని పికప్‌లు దొరుకుతాయి, అవి తీసుకో. లోతు కూడా చూడు. మామూలు పికప్‌ల కాళ్లు కొంచెం పొడుగు, గొయ్యి లోతు లేకపోతే అడుగు తగులుతుంది. చెక్క చెక్కించొద్దు, ముందు కాళ్లు వంచి చూడు.

సరే, ఇప్పుడు ఒక్కొక్కరూ వచ్చి రెండు గిటార్లూ వాయించి చూడండి. వచ్చేముందు ఒకటి. మీరు తీసేసిన యాక్టివ్ పికప్‌లను, వాటి 25 కిలో ఓమ్‌ల కంట్రోళ్లను, స్క్రూలను, వైర్లను అన్నీ ఒకే కవరులో వేసి, గిటార్ పేరు, తేదీ రాసి పెట్టండి. కంట్రోళ్లు వేరుగా పారేసినాక ఆ పికప్‌లు కొనేవాడికి పనికిరావు, మీకూ పనికిరావు. ఆ ఎర్ర చొక్కా తమ్ముడూ, నువ్వు ముందు రా. వాల్యూమ్ 6 దగ్గర పెట్టి మొదలుపెట్టు. మైకు నేను కొలిచినాను, బాగుంది.